ఫ్రిజ్ మీది నక్షత్రాలు, లింగాల ఎండలు

గత వేసవిలో ఒకనాటి సాయంకాలం లింగాల మీద గాలిదుమారం విరుచుకుపడినది. అచ్చంపేట త్రోవలో చెట్లు విరిగి తీగలపై పడినవి. రెండు రాత్రులు, నడుమ ఒక పగలు మా వీధికి కరెంటు లేదు. మూడవనాటి ఉదయం మా పొరుగింటి ఖాలా నన్ను పిలిపించి, తమ ఫ్రిజ్ తలుపు తెరచి చూపినారు. పాలు విరిగినవి. కూర పులిసి వాసన వేయుచున్నది. అవి పోయినందుకు ఆమెకు చింత లేదు. తలుపు అరలో అట్టపెట్టెలో ఉన్న ఇన్సులిన్ సీసాను తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు సైన్సు చెప్పేటోనివి గదా బేటా, ఇది పనికొస్తదా, పారేయాల్నా?" అని అడిగినారు.

ఫ్రిజ్ లోపల చేయి పెట్టి చూచితిని. గదికీ దానికీ భేదం లేదు. అంతలో ఆమె వంటింటి మూలకు పోయి, నీళ్ళ రంజన్ అడుగున తడి ఇసుకలో సగం పూడ్చిన చిన్న స్టీలు డబ్బాను తీసికొని వచ్చినారు. అందులో మరొక సీసా, రోజువారీ వాడుచున్నది, ఉన్నది. డబ్బా చేతికి చల్లగా తగిలినది. అప్పుడామె అన్న మాటను నేను నేటికీ మరువలేదు: "కరెంటు లేని ఫ్రిజ్ బట్టల బీరువకంటే ఏం ఎక్కువ బేటా?"

డాక్టరు గారు రెండు సీసాలనూ పక్కన పెట్టి కొత్తది కొనుక్కొమ్మని చెప్పినారు. ఆ ఖర్చు ఖాలా భరించినారు. ఆమె ప్రశ్న మాత్రం నా వద్దనే ఉండిపోయినది. ఈ వ్యాసం దానికి సమాధానం వెదకుటకే.

ఈ మధ్య పత్రికలు తెరచిన చోటనెల్ల శీతలీకరణలో కొత్త యుగం వచ్చుచున్నదని వార్తలు. అయస్కాంతంతో చల్లబరచు యంత్రమట, కంప్రెషర్ లేని ఫ్రిజ్ అట, ఉప్పుతో నడుచు ఫ్రిజ్ అట. మన విద్యార్థులు వీటిని గురించి ఉత్సాహంగా అడుగుచున్నారు. సంతోషమే. అయితే ఏ కొత్త విద్య వచ్చినను, అది ఎవరి ఎండను, ఎవరి కరెంటును దృష్టిలో పెట్టుకొని పుట్టినదని ముందుగా అడుగవలెనని నా మనవి.

చల్లదనం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. అక్బరు పాదుషా కొలువులో మంచినీటికై ఆబ్దార్ ఖానా అను ప్రత్యేక శాఖ ఉండెననీ, అక్కడ సురేకారం కలిపిన నీటిలో పాత్రను త్రిప్పి లోపలి నీటిని చల్లబరచెడివారనీ అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో వ్రాసినాడు. సురేకారం నీటిలో కరగునపుడు చుట్టుప్రక్కల వేడిని లాగుకొనును. ప్రయోగశాలలో మన ఇంటర్మీడియట్ విద్యార్థి పరీక్షనాళికలో చేసి చూడదగిన సంగతి ఇది. పాదుషాకు సురేకారం, మన పేదలకు రంజన్. మట్టి గోడ గుండా చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవును. గాలి ఎంత పొడిగా ఉన్నచో రంజన్ అంత బాగుగా పనిచేయును. అందుకే ఏప్రిల్‌లో అది అమృతం, శ్రావణంలో ఒట్టి కుండ.

యంత్రంతో చల్లబరచుట కూడ హైదరాబాదుకు పరాయిది కాదు. 1942లో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి స్థాపించిన హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారం బస్సులతోపాటు, తరువాత గడియారాలతోపాటు, రిఫ్రిజిరేటర్లను కూడ చేసి దేశమంతట అమ్మినది. 1990ల దశకంలో ఆ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ వారి చేతికి పోయినది. పెండ్లిలో ఆల్విన్ ఫ్రిజ్ వచ్చినదని ఊరంతా చెప్పుకొన్న రోజులు మా పెద్దలకు జ్ఞాపకమే.

ఇక అసలు విషయానికి వత్తును. 1834వ సంవత్సరం శీతలశాస్త్రంలో కవల పిల్లలు పుట్టిన ఏడు. ఆ ఏడే జేకబ్ పెర్కిన్స్ అను అమెరికా దేశస్థుడు లండన్‌లో ఉండి, ఆవిరిని అణచి ద్రవంగా మార్చి, తిరిగి ఆవిరి కానిచ్చి చల్లదనం పుట్టించు యంత్రానికి పేటెంటు పొందినాడు. ఆ ఏడే ఫ్రాన్సులో జాన్ పెల్టియర్, రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట విద్యుత్తు ప్రవహించినచో ఒక అతుకు వేడెక్కి మరొక అతుకు చల్లబడుటను కనిపెట్టినాడు. మొదటి బిడ్డ ప్రపంచాన్నేలినాడు. మన ఇండ్లలోని ప్రతి ఫ్రిజ్ వెనుక గుర్రుమను కంప్రెషర్ అతని వంశమే. రెండవవాడు దాదాపు 190 ఏండ్లు వాకిట నిలబడినాడు. కదలు భాగాలు లేవు, శబ్దం లేదు, వాయువు లేదు. ఇన్ని సుగుణాలున్నను అతడు కరెంటు ఎక్కువ తిని చల్లదనం తక్కువ ఇచ్చును. ఒక కొన వేడి వెంటనే మరొక కొనకు ప్రాకుటయే అతని జన్మదోషం.

కంప్రెషర్ విద్య కూడ నిలిచిన చోటనే నిలువలేదు. పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12 వాయువు ఓజోను పొరను చీల్చునది. భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువుకు పదివేల రెట్లకు పైబడినది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దానిని తొలగించినది. తరువాత వచ్చిన ఆర్-134ఏ ఓజోనును ముట్టదు గాని వేడి విషయంలో సుమారు 1,400 రెట్లు. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఐసోబ్యూటేను, అనగా ఆర్-600ఏ. అది వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. భూమికి చేయు హాని బహుస్వల్పం. కొద్ది పదుల గ్రాములతో పని జరిగిపోవును. అయితే అంటుకొను స్వభావం గలది. ఊళ్ళో మెకానిక్కు పాత అలవాటు చొప్పున ఏ గ్యాసు దొరికిన అది నింపుట, మంట దగ్గర పెట్టి గొట్టం అతుకుట ఇక చెల్లదు. మన కళాశాల నుండి ఐ.టి.ఐ.కి పోవు పిల్లలలో ఒకరిద్దరు ఈ కొత్త వాయువుల పని శ్రద్ధగా నేర్చుకొన్నచో, ఈ మండలంలో వారికి బ్రతుకుతెరువు ఉండును. ఇది ప్రసంగవశాత్తు చెప్పిన మాట.

రెండవ మార్పు ఇన్వర్టర్ కంప్రెషర్. పాతది పరుగెత్తును, ఆగును, మరల పూర్తి వేగంతో లేచును. లేచిన ప్రతిసారి కరెంటును దిగ్గున గుంజును. వోల్టేజి తక్కువైన సాయంకాలాల్లో మన ఇంటి దీపం ఒక్కసారి మిణుకుమనుట దాని చలవయే. ఇన్వర్టర్‌ది బాటసారి నడక. అవసరమైనంతే వేగం, ఎడతెగని నడక. ఆదా అక్కడ వచ్చుచున్నది.

వాకిట నిలిచిన పెల్టియర్‌ను లోపలికి పిలుచుటకు మన దేశంలో ఒక ప్రయత్నం జరిగినది. గోద్రెజ్ వారు 2010 ప్రాంతంలో 'ఛోటుకూల్' అను చిన్న పెట్టెను తెచ్చినారు. బరువు సుమారు 8 కిలోలు, కంప్రెషర్ లేదు, 12 వోల్టుల బ్యాటరీ మీద కూడ నడుచును, వెల మూడువేల రూపాయల పైచిలుకు. ఇది పల్లెల కోసమే పుట్టినది. ఎం.బి.ఎ. పాఠ్యగ్రంథాలలో చేరి గొప్ప పేరు తెచ్చుకొన్నది. పల్లెలు మాత్రం కొనలేదు. చివరకు దానిని పట్టణాల వారికి షోకు వస్తువుగా అమ్మవలసి వచ్చినది. కారణం వెదకుట కష్టం కాదు. పెల్టియర్ పెట్టె బయటి వేడి కంటే ఇంచుమించు ఇరువది డిగ్రీలు మాత్రమే దిగగలదు. బయట 43 ఉన్ననాడు లోపల 23! కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో పేదవాడు చిన్నరకం చల్లదనం కొనడు. కొన్నచో మంచుగడ్డ కట్టు ఫ్రిజ్‌నే కొనును. పేదల కోసం తక్కువరకం వస్తువు చాలునను పెద్దల ఊహకు లింగాల బజారులో కూడ ఇదే జవాబు దొరికెడిది.

ఇప్పుడు ఆ కవలలిద్దరినీ ఒకే ఇంట కాపురం పెట్టించుచున్నారు. 2024లో సామ్‌సంగ్ వారు కంప్రెషర్‌తోపాటు పెల్టియర్ పలక కూడ గల ఫ్రిజ్‌ను అమ్మకానికి తెచ్చినారు. మామూలు వేళ కంప్రెషర్, తలుపు తరచుగా తెరచినప్పుడో వేడి పదార్థాలు పెట్టినప్పుడో పెల్టియర్ సాయం. 2025లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రామా వెంకటసుబ్రమణియన్ బృందం, సామ్‌సంగ్ శాస్త్రజ్ఞులతో కలిసి, సన్నని పొరలుగా పేర్చిన కొత్త పదార్థాన్ని 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రకటించినది. గది ఉష్ణోగ్రత వద్ద దాని సామర్థ్యం పాత పెల్టియర్ పదార్థాలకు ఇంచుమించు రెట్టింపు. ఒక్కొక్క పలకకు కావలసిన పదార్థం ఇసుక రేణువంత. ఇది నిజంగా గొప్ప మెట్టు. పెల్టియర్ జన్మదోషానికి మందు దొరకుచున్నదని నమ్మవచ్చును. అయితే కంప్రెషర్‌ను ఇంటి నుండి వెళ్ళగొట్టు రోజు ఇంకను రాలేదు.

అయస్కాంతపు ఫ్రిజ్ కథ ఇంతకంటే పొడుగు, ఫలితం ఇంతకంటే పొట్టి. గడోలినియం అను లోహం అయస్కాంతం దగ్గరకు తెచ్చినచో వేడెక్కును, దూరం చేసినచో చల్లబడును. 2015లో హయర్ కంపెనీ వారు లాస్ వేగస్ ప్రదర్శనలో ఈ పద్ధతిపై నడుచు చిన్న పెట్టెను చూపినారు. అరుదైన లోహాలు, బలమైన అయస్కాంతాలు కావలెను గనుక అది మన వీధికి వచ్చుటకు చాలకాలం పట్టును.

ఉప్పు సంగతి మాత్రం నన్ను ఆకర్షించినది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో డ్రూ లిల్లీ, రవి ప్రాషర్ 2022 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన పద్ధతి ఇది. ఒక పదార్థంలోనికి ఉప్పు అయానులను పంపినచో అది కరగు ఉష్ణోగ్రత తగ్గును. అది కరగుచు చుట్టూ ఉన్న వేడిని లాగుకొనును. అయానులను మరల వెలికి లాగినచో గడ్డకట్టి వేడిని వదలును. ఒక వోల్టు కంటే తక్కువ విద్యుత్తుతో వారు 25 డిగ్రీల మార్పు సాధించినారు. ఆబ్దార్ ఖానాలో సురేకారం ఒకసారి కరగి ఊరుకొన్నది. ఇక్కడ ఉప్పును వెనుకకు తెచ్చు విద్య తోడైనది. అబుల్ ఫజల్ ఆ సంగతిని వ్రాసిపెట్టి నాలుగు వందల ఏండ్లు దాటినను, మన ప్రయోగశాలలో దాని కొనసాగింపు ఎవరికీ తోచలేదు గదా అని ఒకింత చిన్నబుచ్చుకొంటిని.

ఇప్పుడు నక్షత్రాల లెక్క. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు 2006లో నక్షత్రాల చీటీ పద్ధతి ప్రారంభించినారు. ఆ చీటీ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని ఒక అంకె ఉండును. విద్యార్థులారా, దుకాణదారు నక్షత్రాలను చూపును. మీరు ఆ అంకెను చూడవలెను. అయితే ఆ అంకె ఎక్కడ పుట్టినది? 32 డిగ్రీల గదిలో. మే నెల మధ్యాహ్నం లింగాలలో, అందునా రేకుల ఇంటి వంటగదిలో, ఉష్ణోగ్రత 43కు తగ్గదు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు ఉండవలెననుకొందము. పరీక్షగదిలో లోపలికీ బయటికీ తేడా 28 డిగ్రీలు. మన వంటింట్లో 39. గోడల గుండా లోనికి దూరు వేడి ఈ తేడాను బట్టియే ఉండును గనుక అది దాదాపు నలుబది శాతం పెరిగినది. అంతటితో ఆగలేదు. ఎంత ఎత్తుకు నీరు తోడిన అంత శ్రమ అన్నట్లు, అదే వేడిని మరింత వేడి గదిలోనికి నెట్టుటకు కార్నో సూత్రం ప్రకారం మరొక నలుబది శాతం పని ఎక్కువ. రెండింటిని గుణించి చూడుడు. లోకంలో లేనంత పరిపూర్ణమైన యంత్రం కూడ మన మే నెలలో పరీక్షగదిలో చేసిన పనికి దాదాపు రెట్టింపు చేయవలెను. చీటీ అబద్ధమాడలేదు. అది మన ఊరిని చూడలేదు, అంతే.

ఇది వట్టి పాఠ్యపుస్తకపు లెక్క అని కమిటీ పెద్దలు అనుకొనవచ్చును. కాదు. తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఆ గీత దాటినచో ఆ నెల బిల్లు మొత్తం కట్టవలెను. ఫ్యాను, దీపాలు, కూలర్, టీవీ కలిసి ఆ గీత దాపునకు వచ్చిన ఇంటికి, పాత ఫ్రిజ్ త్రాగు పది ఇరువది యూనిట్లు మిక్కిలి విలువైనవి. ఉచితానికీ బిల్లుకూ నడుమ గోడ ఆ ఫ్రిజ్ తలుపు రబ్బరే కావచ్చును. రబ్బరు పగిలినదా లేదా అని తెలిసికొనుటకు తలుపు సందున కాగితం పెట్టి మూసి లాగుడు. సులువుగా ఊడి వచ్చినచో చల్లదనం కూడ అక్కడినుండే పోవుచున్నది. ఫ్రిజ్‌ను గోడకు అతికించి పెట్టుట, పొయ్యి ప్రక్కన పెట్టుట, వెనుక తీగలపై ఏండ్ల దుమ్ము ఉంచుట ఇవన్నియు అటువంటి చిల్లులే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించినది. దాని ఉద్దేశం ఇంటి వేడి తగ్గించుట. కప్పు మీద తెల్లని పూత పూసినచో గదితోపాటు ఫ్రిజ్‌కు కూడ ఊపిరి ఆడును.

అయినను ఖాలా ప్రశ్న ఇంకను మిగిలియున్నది. ఎంత పొదుపుగా కరెంటు త్రాగినను, కరెంటే లేనప్పుడు ఫ్రిజ్ ఏమి చేయవలెను? మన జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం 900 మెగావాట్ల సామర్థ్యం గలది. ఇంటి ప్రక్కన పుట్టిన కరెంటు గాలిదుమారానికి మా వీధి దాకా రాలేదు. ఇక అడవి లోపలి అప్పాపూర్ వంటి చెంచు పెంటల సంగతి చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్నకు జవాబు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. అది ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఏండ్ల తరబడి పనిచేయుచున్నది. టీకా మందులు దాచు ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్ అదే. దాని గోడల చుట్టూ నీరు నింపిన గొట్టాలో సంచులో ఉండును. కరెంటు ఉన్నంతసేపు యంత్రం ఆ నీటిని గడ్డకట్టించును. కరెంటు పోయినప్పుడు ఆ మంచు కరగుచు లోపలి చల్లదనాన్ని కాపాడును. దినమునకు ఎనిమిది గంటల కరెంటు వచ్చిన చాలును, మందు చెడదు. దాని మూత పైకి తెరచుకొనును గనుక బరువైన చల్లగాలి బయటకు ఒలికిపోదు. బ్రిటన్‌లో పుట్టిన ష్యూర్‌చిల్ అను పద్ధతి ఇంకొక అడుగు వేసినది. నీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికంటే బరువైనదని మనం తొమ్మిదవ తరగతి నుండి వల్లించుచున్నాము. పైన మంచు, దాని క్రింద నీరు ఉంచినచో, 4 డిగ్రీల నీరు తనంతట తాను అడుగుకు దిగి అక్కడి మందును అదే వేడిమి వద్ద నిలుపును. గడ్డకట్టనీయదు, వేడెక్కనీయదు. గోద్రెజ్ వారు ఈ పద్ధతితో మన దేశంలోనే మందుల ఫ్రిజ్‌లు చేసినారు. ఇన్సులిన్‌కు కావలసినది సరిగా అదే. 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను, గడ్డ కట్టకూడదు. ఐస్‌పెట్టెను ఆనించి పెట్టిన సీసా గడ్డకట్టి పాడైన ఇండ్లు కూడ మన ఊళ్ళో లేకపోలేదు.

మరి ఈ విద్య ఆసుపత్రి గడప దాటి వంటింటికి ఎందుకు రాలేదు? వెల ఎక్కువ, బరువు ఎక్కువ, నీటి పొర వలన లోపలి చోటు తగ్గును అని కంపెనీలు చెప్పవచ్చును. అందులో నిజమున్నది. కాని గోడలలో నురుగుకు బదులు గాలి తీసివేసిన పలకలు పెట్టినచో, అదే మందంలో అయిదు రెట్ల వరకు వేడిని ఆపవచ్చును. ఆ మిగిలిన చోటులో నీటి పొర ఇమిడిపోవును. అసలు కారణం వేరని నా అభిప్రాయం. కరెంటు పోయిన తరువాత ఎన్ని గంటలు చల్లదనం నిలుచునని కొన్ని కంపెనీలు ప్రకటనలలో చెప్పుకొనుచున్నవి. నక్షత్రాల చీటీ మీద మాత్రం ఆ అంకెకు చోటు లేదు. కొలువని గుణానికి అంగడిలో వెల లేదు. 43 డిగ్రీల గదిలో, కరెంటు తీసివేసిన తరువాత, లోపలి వేడిమి 8 డిగ్రీలు దాటుటకు ఎన్ని గంటలు పట్టునో చీటీ మీద అచ్చువేయవలెను. అయస్కాంతం, ఇసుకరేణువు, ఉప్పు వీటన్నిటికంటే ముందు లింగాల కోరవలసిన సంస్కరణ ఈ ఒక్క అంకెయే.

అంతవరకు మనం చేయగలది కొంత ఉన్నది. కళాశాల కమిటీ వారికి నా విన్నపం పెద్దది కాదు. ప్లగ్గుకు తగిలించి యూనిట్లు కొలుచు మీటర్లు నాలుగు, డిజిటల్ థర్మామీటర్లు నాలుగు భౌతికశాస్త్ర శాఖకు కొనిపెట్టవలెను. వేసవి సెలవులలో ద్వితీయ సంవత్సరపు విద్యార్థులు నలుగురేసి జట్లుగా తమ వీధులలో పాత ఫ్రిజ్ ఒకటి, కొత్త ఫ్రిజ్ ఒకటి ఎంచుకొని, వారం దినాలు యూనిట్లను, గది వేడిమిని, కరెంటు పోయిన గంటలను పట్టికలో వ్రాయవలెను. ఉర్దూ మాధ్యమపు పిల్లలు, తెలుగు మాధ్యమపు పిల్లలు ఒకే జట్టులో ఉన్నచో రెండు భాషలలోను నివేదిక సిద్ధమగును. దానిని వచ్చే సంచికలో అచ్చువేయవచ్చును. ఒక ప్రతిని ఢిల్లీలోని బ్యూరో వారికి పంపవచ్చును.

మొదటి ఇల్లు నేను కుదిర్చి ఉంచితిని. ఖాలా తమ ఫ్రిజ్‌కు మీటరు తగిలించుటకు ఒప్పుకొన్నారు. అయితే రంజన్ క్రింది ఇసుకలో కూడ ఒక థర్మామీటరు పెట్టవలెనని షరతు విధించినారు.